చెర్రీ తోట... మామిడితోపైతే!

రష్యాలో పుట్టిన ఓ నాటకం నూట ఇరవై ఏళ్లుగా దేశాలు తిరుగుతోంది. వెళ్లినచోటల్లా చెట్టు మారుతోంది, మనుషుల పేర్లు మారుతున్నాయి, యాస మారుతోంది. అప్పులపాలైన పెద్దింటి కుటుంబం, వేలానికొచ్చిన తోట, దాన్ని కొన్న పాత బానిసల వారసుడు... ఈ మూడూ ఉన్న ప్రతి ఊళ్లోనూ చెహోవ్ రాసిన 'చెర్రీ తోట'కు ఓ చిరునామా దొరుకుతోంది.

వేలంపాట అయిపోయింది. తోట అమ్ముడైందా అని అడుగుతుంది ఇంటావిడ. అయింది. ఎవరు కొన్నారు? ఎదురుగా నిలబడ్డ వ్యాపారి చిన్నగా చెబుతాడు, తానే కొన్నానని. కాసేపు ఎవరూ మాట్లాడరు. ఇంటి పెత్తనం చూసే పెంపుడు కూతురు నడుముకున్న తాళంచెవుల గుత్తి తీసి నేలమీద పడేసి వెళ్లిపోతుంది. అప్పుడు ఆ వ్యాపారికి నోరు పెగులుతుంది. తన తాత, తన తండ్రి ఏ ఇంట్లో బానిసలుగా బతికారో, ఏ ఇంటి వంటగదిలోకి కూడా వాళ్లకు ప్రవేశం లేదో... ఆ ఇల్లు, ఆ తోట ఇప్పుడు తనవి! నవ్వుతాడు, కాళ్లు నేలకేసి కొడతాడు, ఆ వెంటనే ఏడుస్తున్న ఇంటావిడ పక్కన చేరి తనూ కళ్లనీళ్లు పెట్టుకుంటాడు.

ఆంటన్ చెహోవ్ ఆఖరి నాటకం 'చెర్రీ తోట'లో మూడో అంకం ఇది. 1904 జనవరి 17న, అప్పటి రష్యా క్యాలెండరు ప్రకారం సరిగ్గా రచయిత నలభై నాలుగో పుట్టినరోజున మాస్కో ఆర్ట్ థియేటర్‌లో తొలి ప్రదర్శన జరిగింది. క్షయతో చిక్కిశల్యమైన చెహోవ్ ఆ తర్వాత ఆరు నెలలకే కన్నుమూశాడు. నాటకం మాత్రం ఎక్కడెక్కడికో వెళ్లింది. తెలుగు పాఠకులు ఎక్కువమందికి చెహోవ్ పరిచయమైంది కథకుడిగా. మాస్కోలో అచ్చయి విశాలాంధ్ర దుకాణాల్లో చవగ్గా దొరికిన ఆ అందమైన అట్టల పుస్తకాలు చాలా ఇళ్లలో ఇప్పటికీ ఉన్నాయి. నాటకకర్త చెహోవ్ అంతగా మనవాడు కాలేదు. కారణం ఊహించడం కష్టమేం కాదు. రష్యా పేర్లు, సమోవార్లు, బిర్చి చెట్లు, మంచు... వీటన్నిటినీ వేదికమీదికి తేవాలంటే భయమే. కానీ అవన్నీ పక్కనపెట్టి కథ చూస్తే!

వెంచర్ వేద్దామన్న వ్యాపారి
రనేవ్‌స్కయా అనే ఇంటావిడ భర్త పోయి, ఏడేళ్ల కొడుకు ఏట్లో మునిగిపోయి, ఆ దుఃఖం మరిచిపోవడానికి పారిస్ వెళ్లి, అక్కడ ఉన్నదంతా ఊడ్చుకుపోయాక ఇల్లు చేరుతుంది. బ్యాంకు వడ్డీ కట్టలేదు. ఆగస్టు 22న ఆస్తి వేలం. ఆవిడ అన్న గాయెవ్ బిలియర్డ్స్ ఆట మాటలు మాట్లాడుతూ, నూరేళ్ల పాత పుస్తకాల బీరువాను ఉద్దేశించి సన్మాన ప్రసంగం చేస్తుంటాడు. వాళ్లంటే అభిమానమున్న లొపాహిన్ ఓ ఉపాయం చెబుతాడు. చెర్రీ చెట్లు కొట్టించి, పాత ఇల్లు పడగొట్టి, ఏటి ఒడ్డు భూమిని ముక్కలు చేసి వేసవి ఇళ్లు కట్టుకునేవాళ్లకు కౌలుకిస్తే ఏడాదికి పాతిక వేల రూబుళ్లకు తక్కువ రాదు. మన భాషలో చెప్పాలంటే వెంచర్ వేద్దామంటాడు! అన్నాచెల్లెళ్లకు ఆ ఆలోచనే నామోషీ. వినరు. వేరే దారీ వెతకరు. ఆఖరికి బ్యాంకు బాకీ మీద తొంభై వేల రూబుళ్లు ఎక్కువ పాడి లొపాహినే తోట కొనేస్తాడు. వాళ్లు బండెక్కేలోపే చెట్లమీద గొడ్డలి పడుతుంది.

ఈ కథ చెహోవ్‌కు పుస్తకాల్లో దొరికింది కాదు. ఆయన తాత బానిస రైతు. 1841లో మూడున్నర వేల రూబుళ్లు కట్టి తననూ భార్యాబిడ్డలనూ విడిపించుకున్నాడు. ఒక కూతురికి డబ్బు చాలకపోతే యజమాని కొసరుగా వదిలేశాడని అంటారు. కూరగాయల బేరంలో వేసే కొసరు! రష్యాలో భూస్వాముల కింద ఉన్న రెండు కోట్లకు పైగా బానిస రైతులకు విముక్తి వచ్చింది ఆ తర్వాత ఇరవై ఏళ్లకు, 1861లో. చెహోవ్ తండ్రి టగన్‌రోగ్ పట్టణంలో కిరాణా కొట్టు పెట్టి 1876లో దివాలా తీశాడు. అప్పులవాళ్లకు భయపడి మాస్కో పారిపోయాడు. ఆదుకుంటానన్న ఇంట్లో అద్దెకున్న పెద్దమనిషే ఆ ఇల్లు తన పేర రాయించుకున్నాడు. పదహారేళ్ల చెహోవ్ చదువు పూర్తి చేయడానికి అదే ఇంట్లో మిగిలిపోయి, కొత్త యజమాని బంధువుల పిల్లాడికి పాఠాలు చెప్పుకుంటూ బతికాడు. అంటే ఇల్లు పోగొట్టుకున్నవాళ్ల బాధా తెలుసు, బానిస మనవడి కసీ తెలుసు. అందుకేనేమో నాటకంలో ఎవరూ దుర్మార్గులు కారు. లొపాహిన్‌ను బడాయి వ్యాపారిలా, మోటుమనిషిలా చూపించొద్దనీ, మర్యాదస్తుడిలా ఉండాలనీ చెహోవ్ పట్టుబట్టాడు. ఆ పాత్ర స్తానిస్లావ్‌స్కీయే వేయాలన్నది ఆయన కోరిక. స్తానిస్లావ్‌స్కీ మాత్రం పెద్దింటి గాయెవ్ వేషం ఎంచుకున్నాడు.

అసలు అలాంటి తోట ఉందా?
ఈ నాటకాన్ని మరో దేశానికి మార్చాలనుకున్నవాళ్లకు మొదట ఎదురయ్యే చిక్కు చెట్టు దగ్గరే. తమాషా ఏమిటంటే, రష్యాలోనే ఆ తోట మీద పేచీ ఉంది. స్వయంగా భూస్వామి కుటుంబంలో పుట్టిన నోబెల్ రచయిత ఇవాన్ బూనిన్ ఈ నాటకాన్ని తప్పుపట్టాడు. రష్యాలో ఎక్కడా అచ్చంగా చెర్రీ చెట్లతోనే నిండిన తోటలు లేవన్నాడు. జమీందారీ తోటల్లో చెర్రీ ఓ మూలన ఉంటే ఉండేదని, అందులో మురిసిపోయేంత అందమూ లేదని వాదించాడు. లొపాహిన్ చెప్పిన లెక్కలే తీసుకుంటే ఆ ఆస్తి మొత్తం రెండున్నర వేల ఎకరాల పైమాటే. బూనిన్‌కు అనుమానం రావడంలో తప్పులేదు.

కానీ చెహోవ్‌కు తోటల లెక్క తెలియక కాదు. పేరు దగ్గరే ఆయన ఎంత ఆలోచించాడో స్తానిస్లావ్‌స్కీ తన ఆత్మకథలో రాసుకున్నాడు. చెహోవ్ మొదట 'వీష్నెవీ సాద్' అని పేరు చెప్పాడు. కొన్ని రోజులకు మళ్లీ వచ్చి, కాదు 'విష్న్యోవీ సాద్' అన్నాడు. ఒక్క అక్షరం నొక్కి పలకడంలో తేడా. మొదటిది పండ్లు అమ్ముకునే తోట, రాబడి తోట. రెండోది రాబడి లేని తోట, తెల్లటి పూత తప్ప ఇంకేమీ ఇవ్వని తోట. ఒకప్పుడు ఆ పండ్లు ఎండబెట్టి బండ్లకెత్తి మాస్కోకూ ఖార్కొవ్‌కూ పంపేవాళ్లు. ఎలా ఎండబెట్టాలో ఇప్పుడు ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. ఊరగాయ కొలతలు అమ్మమ్మతోనే పోయిన ఇళ్లవాళ్లకు ఈ మాట వేరే చెప్పనక్కర్లేదు.

జపాన్‌లో మరో ఇబ్బంది వచ్చింది. రష్యన్ 'విష్న్య' జామ్ పెట్టుకునే పుల్లటి పండు. జపనీయుల 'సకురా' పూలకోసమే పెంచే చెట్టు. 'సకురా నో సొనో' అనగానే ప్రేక్షకుడికి రాలిపోయే పూలు, క్షణికమైన అందం, వెయ్యేళ్ల కవిత్వం అన్నీ గుర్తొస్తాయి. పండు మాయమైంది, బాకీ వెనక్కి వెళ్లింది, అందం ముందుకొచ్చింది. అయినా జపాన్‌కు ఈ నాటకం ఎంత దగ్గరైందంటే, రెండో ప్రపంచయుద్ధం తర్వాత భూసంస్కరణలతో పెద్ద కుటుంబాలు చితికిపోతుంటే రచయిత ఒసాము దజాయ్ తన పుట్టింటినే చెర్రీ తోటగా చూశాడు. ఆ ఊహ లోంచే 1947లో 'షాయో' నవల వచ్చింది. మరుసటి ఏడాది ఆ పుట్టిల్లు నిజంగానే అమ్ముడైంది. తర్వాత అది సత్రమై, ఇప్పుడు ప్రదర్శనశాలగా ఉంది.

కలకత్తాలో పూత
చెట్టు విషయంలో అందరికంటే సరైన జవాబు ఇచ్చింది బెంగాలీలే అనిపిస్తుంది. 1960లో కలకత్తాలో పుట్టిన 'నాందీకార్' నాటక సమాజానికి సారథి అజితేశ్ బందోపాధ్యాయ్. పిరాండెల్లో, బ్రెహ్ట్, చెహోవ్... ఎవరి నాటకం తీసుకున్నా దాన్ని బెంగాలీ మట్టిలో నాటి చూడటం ఆయన పద్ధతి. ఆయన 1964లో చెర్రీ తోటను 'మంజరి ఆమేర్ మంజరి' చేశాడు. మంజరి అంటే మనకూ తెలుసు, పూలగుత్తి. ఆమ్ అంటే మామిడి.

పేరులోనే సగం పని అయిపోయింది. చెర్రీలాగే మామిడికీ పూత ఒక అందం, కాయ ఒక ఆదాయం. అంతకంటే పెద్ద పోలిక ఒకటుంది. చెహోవ్ నాటకంలో లొపాహిన్ విసుక్కుంటూ చెప్పే లెక్క ప్రకారం ఆ చెర్రీ చెట్లు రెండేళ్లకోసారే కాస్తాయి. మామిడి రైతును ఎవరినడిగినా ఇదే చెబుతాడు, ఈ ఏడు విరగకాస్తే పై ఏడు చెట్టు ముఖం చాటేస్తుందని! మంచు దేశపు చెట్టు లక్షణం ఒక్కటి కూడా చెడకుండా మన ఎండల్లోకి వచ్చేసింది.

సమయమూ కుదిరింది. పశ్చిమబెంగాల్‌లో 1953లో చేసిన చట్టంతో జమీందారీ రద్దయి అప్పటికి పదేళ్లు. పెచ్చులూడిన ఠాకూర్ దాలాన్లు, పేరుకు మిగిలిన రాయ్‌బహదూర్లు కలకత్తా ప్రేక్షకులకు చరిత్ర కాదు, బంధువుల ఇళ్ల సంగతులు. హాల్లో కూర్చున్నవాళ్లలో తోట పోగొట్టుకున్నవాళ్ల పిల్లలూ ఉన్నారు, అలాంటి తోటల్లో పనిచేసినవాళ్ల పిల్లలూ ఉన్నారు. నేలమీద పడ్డ తాళాల గుత్తి అర్థం కావడానికి చీర కొంగుకు తాళాలు కట్టుకునే బెంగాలీ గృహిణికి వివరణ కావాలా?

అనువాదం వేరు, అనుసరణ వేరు అని మనం తేలిగ్గా అనేస్తాం కానీ రెంటి మధ్యా గట్టు ఎక్కడుందో చెప్పడం కష్టం. సంబోధనే చూడండి. రష్యన్‌లో నువ్వు, మీరు రెండూ ఉన్నాయి. ఇంగ్లిషుకొచ్చేసరికి రెండూ ఒకటైపోతాయి. లొపాహిన్ కోటీశ్వరుడయ్యాక కూడా ఇంటావిడను మన్నించే మాట్లాడతాడు. ఇంగ్లిషు నటుడు అది గొంతులో చూపించాలి. బెంగాలీలో ఆపని, తుమి, తుయి అని మూడు మెట్లున్నాయి. తెలుగులో అయితే నువ్వు, మీరుతో పాటు అమ్మగారూ, దొరసానీ, అయ్యా, ఒరే... ఎన్ని మెట్లో! ఈ నాటకం ఇంగ్లిషులో కంటే మన భాషల్లోనే ఎక్కువ నిజంగా పలుకుతుందంటే అతిశయోక్తి కాదు.

చిన్నప్పుడు తాగొచ్చిన తండ్రి కొడితే ముక్కులోంచి రక్తం కారుతున్న లొపాహిన్‌ను పడుచు దొరసాని లోపలికి తీసుకెళ్లి మొహం కడుగుతుంది. పెళ్లినాటికి మానిపోతుందిలే అని ఊరడిస్తుంది. రష్యాలో ఏడ్చే పిల్లలకు అందరూ చెప్పే మాటే అది. మన పెద్దవాళ్ల నోటినుంచీ అలాంటివి వింటాం. అయితే నాటకం చివర్లో ఆ లొపాహిన్ వార్యాను పెళ్లాడతానని అడగలేక వాతావరణం గురించి మాట్లాడి వెళ్లిపోతాడు. ఆ పెళ్లినాడు రానే రాదు. మొదటి అంకంలో ఆ మాట కృతకంగా పడితే నాలుగో అంకంలో దెబ్బ తగలదు. అనుసరించేవాళ్లకు అసలు పరీక్ష సమోవార్ దగ్గర కాదు, ఇక్కడ.

గురి తప్పిన దక్షిణం
అంతకుముందే, 1950లో అమెరికాలో ఓ పెద్ద ప్రయత్నం జరిగింది. బ్రాడ్‌వేలో 'సౌత్ పసిఫిక్'తో మారుమోగిపోతున్న దర్శకుడు జాషువా లోగన్ లూసియానాలో పెరిగినవాడు. పత్తి తోటల దొరలు చితికిపోయిన కథలు విన్నవాడు. చెర్రీ తోటను అక్కడికి మార్చి 'ద విస్టీరియా ట్రీస్' రాశాడు. పేరున్న నటి హెలెన్ హేస్ కథానాయిక. పైకి చూస్తే పోలిక అచ్చు గుద్దినట్టుంది. రష్యాలో బానిసత్వం పోయింది 1861లో, అమెరికాలో 1865లో. అక్కడా ఇక్కడా పెద్ద ఇళ్లు, పాత నౌకర్లు, పాత గొప్పలు.

కానీ అసలు చోట గురి తప్పింది. అమెరికాలో బానిసలు నల్లవాళ్లు. ఆ నాటకంలో నౌకర్లు నల్లవాళ్లే. తోట కొన్న యాన్సీ లోపర్ మాత్రం కౌలుదారు ఇంట పుట్టిన తెల్లవాడు! బానిస మనవడు యజమాని ఇల్లు కొన్నాడన్న పిడుగులాంటి మాట పేదింటి కుర్రాడు పైకొచ్చాడన్న మామూలు సంగతిగా మారిపోయింది. 1950 నాటి బ్రాడ్‌వేలో నల్లజాతి మనిషి తెల్లవాళ్ల తోట వేలంలో కొన్నాడని చూపించడం ఎంత కష్టమో ఊహించవచ్చు. కానీ కష్టమైన చోటే కదా నాటకం ఉంది. చెట్టు కూడా అలాంటిదే ఎంచుకున్నారు. విస్టీరియా ఊదారంగు గుత్తులతో కళ్లు చెదిరే పూలతీగ. ఎండబెట్టడానికీ అమ్మడానికీ పండు లేదు.

ఈ లోటు వేరే దారిలో తీరింది. 1973లో న్యూయార్క్‌లో జోసెఫ్ పాప్ నాటక సంస్థ చెర్రీ తోటను అందరూ నల్లజాతి నటులతో వేసింది. ఊరు మార్చలేదు, పేర్లు మార్చలేదు. లొపాహిన్‌గా జేమ్స్ ఎర్ల్ జోన్స్. తన తాతతండ్రులు ఇక్కడ బానిసలని ఆ గొంతు చెబుతుంటే ఎవరికైనా ఏది రష్యా, ఏది అమెరికా?

కొన్నాడా... తిరిగి తీసుకున్నాడా?
లోగన్ తప్పించుకున్న ప్రశ్నను నేరుగా ఎదుర్కొన్నది జానెట్ సుజ్‌మన్. జోహన్నెస్‌బర్గ్‌లో పుట్టి ఇంగ్లండ్‌లో పేరు తెచ్చుకున్న నటి. దక్షిణాఫ్రికా పార్లమెంటులో వర్ణవివక్షను ఏళ్ల తరబడి ఒంటరిగా ఎదిరించిన హెలెన్ సుజ్‌మన్‌కు భర్త తరఫు దగ్గరి బంధువు. వర్ణవివక్ష అమల్లో ఉన్న 1987లోనే జాన్ కానీ అనే నల్లజాతి నటుడితో జోహన్నెస్‌బర్గ్‌లో 'ఒథెల్లో' వేయించిన దర్శకురాలు. ఆమె చెర్రీ తోటను 'ద ఫ్రీ స్టేట్' పేరుతో తిరగరాసింది. 1997లో బర్మింగ్‌హామ్‌లో వేదికెక్కింది, 2000లో పుస్తకంగా వచ్చింది. పేరులో చమత్కారం ఉంది. ఫ్రీ స్టేట్ అనేది అక్కడ ఓ రాష్ట్రం. స్వేచ్ఛా రాజ్యం అనే అర్థమూ ఉంది. కథాకాలం మండేలాను అధ్యక్షుణ్ని చేసిన 1994 ఎన్నికల తర్వాత. తోట తెల్ల కుటుంబానిది. కొనేది లెకో అనే నల్లజాతి వ్యాపారి.

ఇక్కడ చెహోవ్ రాయని కొత్త ముడి ఒకటి పడింది. దక్షిణాఫ్రికాలో 1913 నాటి భూచట్టం నల్లవాళ్లకు దేశంలో కేవలం ఏడు శాతం నేల వదిలి మిగతాచోట్ల భూమి కొనే హక్కే తీసేసింది. 1936లో ఆ వాటాను పదమూడు శాతానికి దగ్గరగా పెంచారు. అంతే. రష్యాలో లొపాహిన్ పూర్వీకులు ఆ భూమికి కట్టుబడినవాళ్లు. ఇక్కడ లెకో పూర్వీకులు ఆ భూమినుంచి తరిమేయబడినవాళ్లు. కాబట్టి అతను తోట కొన్నప్పుడు ప్రేక్షకుడికి ఓ అనుమానం వస్తుంది. తనదే అయినదానికి అతను మళ్లీ డబ్బెందుకు కట్టాలి? ఆ రోజుల్లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం తలపట్టుకున్న ప్రశ్న సరిగ్గా ఇదే. 1994లో భూముల పునరుద్ధరణ చట్టం వచ్చింది. భూమి తగాదా మాత్రం అక్కడ ఈనాటికీ తెగలేదు. ఒక నాటకం వేరే దేశం వెళ్లి అద్దె ఇంట్లో ఉన్నట్టు కాకుండా సొంత ఇంట్లో ఉన్నట్టు ఉందంటే, ఇలాంటి ప్రశ్న పుట్టినప్పుడే.

ఈ నాటకంలో నిత్యవిద్యార్థి త్రోఫిమోవ్ ఓ మాటంటాడు. మనుషులను ఆస్తిగా ఉంచుకోవడం మీ వంశాన్నంతా పాడుచేసిందనీ, తోటలో ప్రతి చెట్టు వెనకనుంచీ బానిసల ముఖాలు చూస్తున్నాయనీ ఇంటి ఆడపిల్లకు చెబుతాడు. జారు చక్రవర్తి సెన్సారు అధికారులు ఆ ప్రసంగంలో కత్తెర వేయించారు. 1904లో మాస్కోలో వినిపించనివ్వని మాటలు తొంభై ఏళ్ల తర్వాత ఫ్రీ స్టేట్ నేపథ్యంలో నాటకానికి వెన్నెముకయ్యాయి.

నవ్వాలా ఏడవాలా
నాటకం మొదటి రోజే మొదలైన తగాదా ఇంకొకటి ఉంది. చెహోవ్ తన రాతప్రతి మీద 'కామెడీ' అని రాశాడు. చదివి కన్నీళ్లు పెట్టుకున్న స్తానిస్లావ్‌స్కీ ఇది విషాదమేనన్నాడు. చెప్పి ఒప్పించలేక చెహోవ్ విసిగిపోయాడు. పన్నెండు నిమిషాల్లో అయిపోవాల్సిన ఆఖరి అంకాన్ని నలభై నిమిషాలు లాగుతున్నారని, తన నాటకాన్ని చెడగొట్టారని భార్యకు రాసిన ఉత్తరంలో వాపోయాడు. ఆ భార్య ఎవరనుకున్నారు? అదే నాటకంలో కథానాయిక వేసిన ఓల్గా క్నిప్పర్!

ఊరు మారినప్పుడల్లా ఈ తూకం మళ్లీ వేసుకోవాల్సిందే. ఎందుకంటే ఎవరిని చూసి నవ్వాలో ప్రతి సమాజంలోనూ వేరు. ఇంగ్లండ్‌లో చెహోవ్ పాత్రలు చాలాకాలం గడ్డి టోపీలు పెట్టుకుని పచ్చిక మీద టీ తాగే మర్యాదస్తుల్లా తయారయ్యాయి. అది చిరాకనిపించే ఐరిష్ రచయిత థామస్ కిల్‌రాయ్ 1981లో లండన్ రాయల్ కోర్ట్ కోసం చెహోవ్ మరో నాటకం 'సీగల్'ను పశ్చిమ ఐర్లండ్ ఎస్టేటుకు మార్చాడు. రష్యా ఆత్మ లండన్ పచ్చిక కంటే ఐర్లండ్ బురదలో బాగా ఇమిడింది.

కొత్తగా చూస్తే 2024 వేసవిలో దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో ఎల్‌జీ ఆర్ట్స్ సెంటర్‌లో వేసిన చెర్రీ తోట. దర్శకుడు ఆస్ట్రేలియాకు చెందిన సైమన్ స్టోన్. కాన్ ఉత్తమ నటి బహుమతి గెలిచిన జాన్ దో-యాన్, 'స్క్విడ్ గేమ్'తో మనవాళ్లకూ పరిచయమైన పార్క్ హే-సూ ముఖ్యపాత్రధారులు. ఇందులో జమీందారు లేడు. మునిగిపోతున్న ఓ వ్యాపార కుటుంబం ఉంది. కొనేవాడు ఆ ఇంటి కారు డ్రైవరు కొడుకు. నటులు తమ దేశం గురించి, ఇళ్ల గురించి చెప్పింది విని స్టోన్ సంభాషణలు రాసుకున్నాడు. గొప్పింటివాళ్ల గొడవలు చూసి నవ్వుకోవడం కొరియా టీవీ సీరియళ్లకు అలవాటే కాబట్టి అక్కడ చెహోవ్ కోరుకున్న నవ్వు తేలిగ్గా దొరికింది. భూమితో బంధం లేకపోవడం కొంచెం వెలితే. గాజు మేడ అమ్ముడైనా, పూసిన చెట్టు కూలినా ఒకేలా బాధ కలుగుతుందా? సందేహమే.

తెలుగులో వేస్తే...
మన దగ్గర సరుకుకు కొదవలేదు. మద్రాసు రాష్ట్రంలో ఎస్టేట్ల రద్దు చట్టం 1948లో వచ్చింది. విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం, నూజివీడు... ఎన్ని సంస్థానాలు, ఎన్ని తోటలు! నూజివీడు పేరు చెబితే జమీందారుల కంటే ముందు మామిడిపండ్లే గుర్తొస్తాయి. తెలంగాణలో జాగీర్ల రద్దు 1949లో. అక్కడ కథ ఇంకాస్త కరకుగా ఉంటుంది. గడీలో వెట్టి చేసినవాడి మనవడు ఆ గడీనే కొంటే అతని నోట వచ్చే మాట కోస్తా వ్యాపారి మాటలా మెత్తగా ఉండదు. దొరసాని తన ముక్కు నెత్తురు కడిగిందన్న జ్ఞాపకం ఒకటి, తండ్రి నడుం వంచి నిలబడ్డ జ్ఞాపకం ఒకటి... రెండూ ఒక గొంతులో పలకాలి. ఇక తోట నరికి ప్లాట్లు వేసే ఘట్టానికి హైదరాబాద్ చుట్టుపక్కల ప్రేక్షకులకు ఏ వివరణా అక్కర్లేదు.

అన్నిటికంటే గట్టి చిక్కు ముసలి నౌకరు ఫీర్స్‌తో. వయసు ఎనభై ఏడు. బానిసత్వం పోయిన రోజును అతను 'ఆ ఆపద' అంటాడు. విడుదల చేసినా వద్దని యజమానుల దగ్గరే ఉండిపోయినవాడు. కలకత్తాలో అయితే ఇలాంటి ముసలివాణ్ని చూసి జాలిపడి ఊరుకుంటారు. దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్ల ఇంట్లో నల్ల ముసలివాడి నోట ఆ మాట వస్తే హాల్లో సగంమందికి ఒళ్లు మండుతుంది. గడీ కథలో వస్తే మన దగ్గరా అంతే. ఆ మాట తీసేస్తే ఫీర్స్ ఉత్త మంచి ముసలివాడైపోతాడు. ఉంచితే దాని బరువు మోయగల నటుడు కావాలి.

జబ్బుపడ్డ ఫీర్స్‌ను ఆసుపత్రికి పంపారనే అందరూ అనుకుంటారు. పంపలేదు. ఇంటికి తాళాలేసుకుని వెళ్లిపోయాక అతను లోపల తేలతాడు. సోఫామీద ఒరిగి, నాటకమంతా పనివాళ్లనూ చిన్నవాళ్లనూ తిట్టిన ఓ తిట్టుతో ఈసారి తనను తానే తిట్టుకుంటాడు. 'నెదొత్యోపా'. అప్పటి నిఘంటువుల్లో వెతికినా దొరకని పల్లెటూరి మాట. సగం నరికి వదిలేసినదన్న భావం అందులో వినిపిస్తుందంటారు. బయట గొడ్డలి దెబ్బలు పడుతుంటాయి కదా! ఇంగ్లిషువాళ్లు పనికిమాలినవాడని, మందబుద్ధి అని, ఇంకా ఏవేవో రాశారు. ఏ ఇద్దరు అనువాదకులూ ఒక మాట మీద నిలవలేదు. తెలుగులో చవట, దద్దమ్మ, వెర్రిబాగులోడు, చేతగానోడు... ఇన్నున్నాయి. చవటలో వెటకారం ఎక్కువ. దద్దమ్మ మరీ ఇంటిమాట. వెర్రిబాగులోడిలో ప్రేమ ఉంది కానీ గొడ్డలి లేదు. ఈ నాలుగింట్లో ఏది తీసుకున్నా, అది మొదటి అంకంలో ముసలివాడు పనిపిల్లను కసిరేటప్పుడూ సరిపోవాలి, ఆఖర్న తాళం పడ్డ ఇంట్లో ఒక్కడే ఒరిగినప్పుడూ సరిపోవాలి.